బుడాపెస్ట్‌లో ఒక సెమిస్టర్ వయోలిన్: ఏం నేర్చుకోవాలి, ఏం ఇక్కడే ఉంచాలి?

ముక్తేశ్వరం అమ్మాయి అడిగారు:

అందరికీ నమస్కారమండి. మాది కోనసీమ, ముక్తేశ్వరం దగ్గర. చెన్నైలో ఒక కన్సర్వేటరీలో పాశ్చాత్య వయోలిన్ రెండో ఏడాది చదువుతున్నాను. అంతకుముందు నాకు తెలిసిందల్లా కర్ణాటక వయోలినే. ఎనిమిదో ఏట అమలాపురంలో మా మాస్టారి దగ్గర మొదలుపెట్టాను. చాప మీద మఠం వేసుకుని, వయోలిన్ తల కుడిపాదం మీద ఆనించి వాయించేవాళ్లం.

ఈ ఏడు ఎక్స్ఛేంజికి మా కాలేజీ నా పేరు పంపింది. హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లోని లిస్ట్ సంగీత అకాడమీలో సెప్టెంబరు నుంచి ఒక సెమిస్టర్, ఎరాస్మస్ ప్లస్ అనే యూరోపియన్ యూనియన్ విద్యార్థి మార్పిడి పథకం కింద. అక్కడి ప్రొఫెసరు నా రికార్డింగ్ విని ఒప్పుకుంటేనే ఖాయం. నెలాఖరులోగా రికార్డింగూ, ఏమేం చదువుతానో రాసిన లెర్నింగ్ అగ్రిమెంటూ పంపాలి. ఆ కాగితం దగ్గరే ఆగిపోయానండి.

చెన్నైలో మా టీచరు నా కమాను పట్టు సరిచెయ్యడానికి ఏడాది పైగా కష్టపడ్డారు. ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది. అక్కడ కొత్త ప్రొఫెసరు మళ్లీ మొదటి నుంచి మారుస్తానంటే? సగం మార్చుకుని తిరిగొస్తే ఇటూ కాకుండా అటూ కాకుండా పోతానేమోనని భయం. మా మాస్టారేమో, "అన్నాళ్లు మన సాధకం మానేస్తే గమకం చేతిలోంచి జారిపోతుందమ్మా" అన్నారు. కోపంగా అనలేదు, దిగులుగా అన్నారు. అది ఇంకా కష్టంగా ఉంది.

ఇంట్లో కూడా చర్చే. నాన్నకి కొబ్బరితోట తప్ప వేరే ఆదాయం లేదు. "ఫీజు లేదంటున్నారు సరే, నెలనెలా తిండీ అద్దే ఎవరిస్తారు?" అంటారు. కువైట్‌లో ఉన్న పిన్ని సాయం చేస్తానంటోంది గానీ, ఆవిడ కష్టం తెలుసు కాబట్టి అడగబుద్ధి కావట్లేదు. నా దగ్గరున్నది ఒక్కటే వయోలిన్. దాన్ని విమానంలో ఎలా తీసుకెళ్లాలో కూడా తెలియదు. వెళ్లొచ్చినవాళ్లుంటే చెప్పండి, దయచేసి.

కాకినాడ అమ్మ:

డబ్బు సంగతి నేను చెబుతానమ్మా. మా అబ్బాయి పియానో విద్యార్థి, ఇలాగే ఒక సెమిస్టర్ జర్మనీ వెళ్లొచ్చాడు. మీ నాన్నగారి ప్రశ్న న్యాయమైనది. ఆయన పక్కన కూర్చుని కాగితం మీద లెక్క వేసి చూపించు.

ఎక్స్ఛేంజి అంటే ఫీజు చెన్నై కాలేజీకే కడతావు, అక్కడ కట్టక్కర్లేదు. ఎరాస్మస్ ప్లస్‌లో ఇది రెండు కాలేజీల మధ్య ఒప్పందం మీద నడుస్తుంది. నీకు ప్రయాణానికి కొంత, నెలనెలా ఉండడానికి కొంత ఇస్తారు. ఎంత ఇస్తారో, ఏ తేదీకి ఇస్తారో మీ కాలేజీ ఎక్స్ఛేంజి ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తీసుకో. నీతో రాయించుకునే గ్రాంటు ఒప్పందంలో అది ఉండాలి. మొత్తం కంటే ముఖ్యమైనది తేదీ. చాలాచోట్ల మొదటి విడత మనం దిగిన తరవాత గానీ చేతికి రాదు. గది అడ్వాన్సూ, మొదటి నెల అద్దే, టిక్కెట్టూ ముందు మన జేబులోంచే పోతాయి. పిన్నిగారిని అడగాల్సొస్తే ఆ మేరకే అడుగు, గ్రాంటు పడగానే తిరిగిచ్చేస్తానని చెప్పి. అలా అడిగితే ఆవిడకీ బరువుండదు, నీకూ మొహమాటం ఉండదు. గ్రాంటు యూరోల్లో లెక్కగడతారు గానీ హంగరీలో వాడేది ఫోరింట్లు. మార్చుకునేటప్పుడు కొంత పోతుంది, అదీ లెక్కలో రాయి.

తొంభై రోజులు దాటి ఉంటావు కాబట్టి టూరిస్టు షెంజెన్ వీసా సరిపోదు. చదువు కోసం నివాస అనుమతి కావాలి. అకాడమీ నుంచి ఒప్పుకోలు ఉత్తరం వచ్చిన రోజే ఆ పని మొదలుపెట్టు, వేసవి సెలవుల తరవాత చూద్దామనుకోకు. జర్మనీకైతే బ్లాక్డ్ అకౌంట్ అని పెద్ద మొత్తం ముందే వేసి చూపించే పద్ధతి ఉంది, నువ్వు వెళ్లేది హంగరీ కాబట్టి ఆ మాట విని నాన్నగారిని కంగారు పెట్టకు.

ఇంకొకటి. బయల్దేరే రోజు విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ల దగ్గర వయోలిన్ చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకో. తిరిగొచ్చేటప్పుడు అది ఇక్కడి నుంచి తీసుకెళ్లిందేనని రుజువు. కొన్న బిల్లు ఉంటే పట్టుకెళ్లు. అమ్మగారికి చలి బెంగ ఉంటే ఆ సంగతి నాతో ఫోన్లో మాట్లాడించు, నేను ధైర్యం చెబుతాను.

పాలకొల్లు వయోలా:

చెల్లెమ్మా, నేను పాలకొల్లు వాణ్ణి. నాది వయోలా, వయోలిన్ కంటే కాస్త పెద్ద వాయిద్యం. కొన్నేళ్ల క్రితం ఎక్స్ఛేంజి మీద బుడాపెస్ట్ వెళ్లాను. ఇప్పుడు హైదరాబాదులో పిల్లలకు నేర్పుతున్నాను. నీ ప్రశ్నలో అసలు విషయం కమాను పట్టు. అందుకని దాని దగ్గరే కాసేపు ఆగుతాను.

ఒక సెమిస్టర్ అంటే వారానికో పాఠం చొప్పున ఎన్ని పాఠాలొస్తాయో వేళ్ల మీద లెక్కపెట్టు. మధ్యలో పరీక్షలు, పండగలు. ఆ కాస్త సమయంలో ఎంత గొప్ప ప్రొఫెసరైనా నీ కుడిచెయ్యి మార్చలేడు. మార్చడం మొదలుపెట్టగలడు, అంతే. మొదలుపెట్టి వదిలేస్తే నువ్వు భయపడ్డదే జరుగుతుంది. అందుకే ముందే చెప్పెయ్యి. రికార్డింగ్‌తో పాటు పంపే ఉత్తరంలో, "మా టీచరు దగ్గర కమాను పని సగంలో ఉంది, దాన్ని ఆవిడ దగ్గరే పూర్తిచేస్తాను, మీ దగ్గర ఫలానా రచనలు నేర్చుకోవాలని ఉంది" అని మర్యాదగా రాయి. అక్కడి ప్రొఫెసర్లకి ఎక్స్ఛేంజి విద్యార్థులు కొత్త కాదు. ఏం కావాలో తెలిసి వచ్చిన పిల్లని చూస్తే సంతోషపడతారు.

మరి ఏం తెచ్చుకోవాలి? ఇక్కడ దొరకనిది. చెన్నైలోనైనా హైదరాబాదులోనైనా మనకి వయోలిన్ టీచరు దొరుకుతారు. మన స్థాయిలో ఉన్న మరో ముగ్గురు దొరికి, వారం వారం కూర్చుని స్ట్రింగ్ క్వార్టెట్ (రెండు వయోలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో) వాయించడం దొరకదు. బుడాపెస్ట్‌లో అది నీటికి కరువు లేనట్టు దొరుకుతుంది. వైనర్ లియో అని ఒకాయన ఆ అకాడమీలో దశాబ్దాల పాటు ఛాంబర్ సంగీతం, అంటే ఇలాంటి చిన్న బృందాల సంగీతం, నేర్పారు. షోల్టీ, స్టార్కర్, వేగ్ లాంటి పేరున్న సంగీతకారులు ఆయన శిష్యులే. ఆ అలవాటు అక్కడ గోడల్లోకి ఇంకిపోయి ఉంది. (అన్నట్టు హంగరీ వాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. బార్తోక్ బేలా, లిస్ట్ ఫెరెంత్స్. నీ పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎటుందో వాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు.)

కాబట్టి లెర్నింగ్ అగ్రిమెంట్లో ఛాంబర్ సంగీతం మొదట రాయి, ఆర్కెస్ట్రా తరవాత రాయి, చెవి శిక్షణ మూడోది. వయోలిన్ పాఠం ఎలాగూ ఉంటుంది. సెమిస్టరుకి మామూలుగా 30 క్రెడిట్లు. నువ్వు వెళ్లకముందే నువ్వూ, చెన్నై కాలేజీ, అక్కడి అకాడమీ ముగ్గురూ సంతకం పెట్టాలి. ఏ సబ్జెక్టు ఇక్కడ దేనికి బదులుగా లెక్కిస్తారో ప్రతి వరుసలోనూ స్పష్టంగా ఉండాలి. సంతకం లేని మాట నమ్మకు. అక్కడికి వెళ్లాక టైంటేబుల్ కుదరక ఏదైనా మారిస్తే, ఆ మార్పు మీద కూడా మళ్లీ మూడు సంతకాలూ వెంటనే పెట్టించుకో.

చెవి శిక్షణ గురించి నీకు కొంచెం ఎక్కువే చెప్పాలి. అక్కడ హంగరీ స్వరకర్త కొదాయ్ పేరు మీదున్న పద్ధతి. అందులో 'దో' (దో-రే-మిలో మొదటి స్వరం) ఏ శ్రుతిలోనైనా ఉండొచ్చు, మన షడ్జమంలాగే. ఫ్రాన్సులోనో ఇటలీలోనో అయితే 'దో' ఒకే స్వరానికి అతుక్కుపోయి ఉంటుంది, మనవాళ్లు అక్కడ తికమక పడతారు. బుడాపెస్ట్‌లో నువ్వు మొదటి వారమే హాయిగా పాడేస్తావు. నీకు కష్టం వేరేచోట వస్తుంది. మనం చిన్నప్పటినుంచి తంబురా మీద ఒక్క పాటే వింటూ పెరిగాం. నాలుగు గొంతులు ఒకేసారి నడుస్తుంటే మన చెవి పైదానివెంటే పరిగెడుతుంది. క్వార్టెట్లో రెండో వయోలిన్ కుర్చీ అడుగు. మధ్యలో కూర్చుంటే వినక తప్పదు. అది ఒక్క సెమిస్టర్లోనే తేడా తెలిసే విద్య, చేతిలాగా ఏళ్లు పట్టదు. నేను తిరిగొచ్చాక వాయించే తీరు పెద్దగా మారలేదు గానీ, వినే తీరు పూర్తిగా మారిపోయింది.

నీకున్న ఒక బలం కూడా చెబుతాను. మేజర్ కార్డులో (ఒకేసారి పలికే స-గ-ప లాంటి స్వరాల కూర్పు) గాంధారం నీ వంతు వచ్చినప్పుడు, పియానో చెప్పిన చోట పెట్టకు. తంబురాతో మన అంతర గాంధారం ఎక్కడ కలుస్తుందో అక్కడ పెట్టు. పియానో గాంధారం దానికంటే 14 సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) పైన ఉంటుంది. మంచి క్వార్టెట్లు కార్డు నిలబడే చోట వెతుక్కునేది ఆ కింది చోటే. మిగతావాళ్లు సాధించి తెచ్చుకునేది నీకు మీ మాస్టారు ఎనిమిదో ఏటే ఇచ్చేశారు.

హంగరీ స్వరకర్త బార్తోక్ రాసిన 44 డుయోలు ఉన్నాయి, రెండు వయోలిన్లకి, 1931లో పూర్తయినవి. మొదటివి తేలిక. తోటి విద్యార్థితో స్నేహానికి అంతకంటే మంచి దారి నాకు తెలీదు. ఆయనా కొదాయ్ కలిసి ఫోనోగ్రాఫ్ పట్టుకుని పల్లెల్లో తిరిగి పాటలు సేకరించారు. వాటిల్లో పాతవరస పాటలు విను. ఐదే స్వరాలు. నాకు మొదటిసారి విన్నప్పుడు శుద్ధ ధన్యాసి గమకం లేకుండా పాడుతున్నట్టుంది. పైన పాడిన చరణాన్నే కిందికి దిగి పంచమం దూరంలో మళ్లీ పాడతారు, విన్న వెంటనే పట్టేస్తావు. 1972లో బుడాపెస్ట్‌లో మొదలైన తాంత్స్‌హాజ్ అనే జానపద నృత్యశాలలు ఇప్పటికీ నడుస్తున్నాయి. వెళ్లు. అక్కడ వయోలిన్ పక్కన కొంత్రా అని మూడు తీగల వయోలా ఉంటుంది, తీగలు ఆనే బ్రిడ్జి చదునుగా ఉండి మూడు తీగలూ ఒకేసారి పలుకుతాయి. నేను వయోలా వాణ్ణి కాబట్టి దాని దగ్గరే నిలబడిపోయేవాణ్ణి. అకాడమీలో జానపద సంగీత విభాగం కూడా ఉంది, 2007 నుంచి. ఆ తరగతిలో కూర్చుని వినొచ్చా అని అడుగు.

అకాడమీ భవనంలోనే 1907 నాటి పెద్ద హాలుంది. సాయంత్రం ఖాళీగా గదికి పోకు. పాఠాల కంటే ఆ హాల్లో విన్నవే నాకు ఎక్కువ మిగిలాయి.

రాజమండ్రి మాస్టారు:

పాలకొల్లు అబ్బాయి చక్కగా చెప్పాడు. తల్లీ, నేను చెక్క గురించీ, మీ మాస్టారి దిగులు గురించీ చెబుతాను. నేనూ ఆయన వయసు వాణ్ణే.

మన డెల్టాలో ముసురు పట్టిందంటే బిరడలు బిగుసుకుపోతాయి. అక్కడ చలికాలం గదుల్లో హీటర్లు వేస్తారు, గాలి ఎండిపోతుంది. కోనసీమ తేమకి అలవాటుపడ్డ చెక్క ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. బిరడలు జారతాయి, అతుకులు విడతాయి, ఒక్కోసారి పైపలక పగులుతుంది. పెట్టెలో తేమ కొలిచే చిన్న మీటరు పెట్టు. నలభైకీ అరవై శాతానికీ మధ్య ఉండేట్టు చూసుకో. అంతకంటే దిగితే పెట్టెలో పెట్టే హ్యూమిడిఫయరు వాడు. హీటరు పక్కన ఎప్పుడూ పెట్టకు. అతుకు విడిస్తే కంగారుపడకు, అక్కడ మంచి పనివాళ్లుంటారు, అతికిస్తారు. వెళ్లకముందే ఇక్కడ ఒకసారి అతుకులన్నీ చూపించుకో.

విమానంలో తీగలు కొంచెం వదులు చెయ్యి. నాలుగూ పూర్తిగా విప్పెయ్యకు, లోపల రెండు పలకల మధ్య నిలబడే సౌండ్‌పోస్ట్ అనే చిన్న పుల్ల పడిపోతుంది. పెట్టె పొడవు సుమారు 80 సెంటీమీటర్లు, క్యాబిన్ సామాను కొలత 55 చుట్టూ ఉంటుంది. విమానం కంపెనీకి ముందే రాసి, ఒప్పుకున్నట్టు జవాబు ప్రింటు తీసుకుని దగ్గరుంచుకో. రాజమండ్రి నుంచి చిన్న ఏటీఆర్ విమానమైతే తలపైన అర మరీ చిన్నది. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు చేరి అక్కడ విమానం ఎక్కడం మేలు. ఏనుగు దంతం ముక్క ఉన్న పాత కమాను ఎవరైనా ప్రేమతో ఇచ్చినా సరిహద్దు దాటించకు.

ఇక సాధకం. ఒక్క వయోలిన్‌తో రెండూ చెయ్యొచ్చు. ఐదు శ్రుతిలో, అంటే జి షడ్జమంగా, వాయించు. నీ కింది రెండు తీగలూ జి, డి ఉన్నచోటే ఉంటాయి, అవే షడ్జమ పంచమాలు. పై రెండిటినీ ఒక్కో స్వరం దింపు, 'ఏ' తీగని 'జి'కి, 'ఇ' తీగని 'డి'కి. స-ప-స-ప అయిపోయింది. పని అయ్యాక మళ్లీ పైకి. రోజూ ఇలా తిప్పితే తీగలు తొందరగా పోతాయి కాబట్టి వారంలో రెండు పూటలు చాలు. మిగతా రోజులు గాత్రంలో సాధకం చెయ్యి. గమకం ఉండేది గొంతులో, వేళ్లు దాని వెంట నడుస్తాయి. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని తీగమీద పలికించేవాడు. ఆ పిల్లాడే 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారు గాయకులై ఉండీ వయోలా వాయించారు. మన కాలవల మధ్య పుట్టినవాళ్లు పరాయి వాయిద్యం పట్టుకున్నంత మాత్రాన మన సంగీతం పోగొట్టుకోలేదు.

మీ మాస్టారి దగ్గరికి వెళ్లి, వారానికోసారి వీడియోలో పాఠం చెప్పమని అడుగు తల్లీ. ఆయన అడ్డుచెప్పడం లేదు, తనని అడగాలని ఎదురుచూస్తున్నారు.

ముక్తేశ్వరం అమ్మాయి:

అందరికీ ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువేనండి. కాకినాడ అమ్మగారు చెప్పినట్టు నాన్న పక్కన కూర్చుని లెక్క రాశాను. మొదటి నెల ఖర్చు వరకే అప్పు అని చూసేసరికి ఆయన మొహం తేలికపడింది. మాస్టారికి ఫోన్ చేసి వీడియో పాఠం సంగతి అడిగాను. ఆదివారం పొద్దున్న ఏడింటికని ఆయనే టైము చెప్పారు, అక్కడ ఏడింటికి ఇక్కడ ఎంతవుతుందో కూడా ఆయనే అడిగారు.

అన్నయ్యగారూ, ఇంకొక్కటి. రికార్డింగ్‌లో బాఖ్ ఒక ముక్క, కన్చర్టో (ఆర్కెస్ట్రాతో ఒక్కరు వాయించే రచన) మొదటి భాగం, ఒక ఎట్యూడ్ (సాధన కోసం రాసిన రచన) అడిగారు. వాటితోపాటు ఒక కర్ణాటక వర్ణం కూడా పంపనా? నన్ను నేను పూర్తిగా చూపించాలనిపిస్తోంది. వద్దంటారా?

పాలకొల్లు వయోలా:

పంపు, కానీ ఆ ఫైల్లో కలపకు. అడిగిన మూడూ అడిగిన వరసలో, కోత లేకుండా, ఒక్కో రచన ఒకే టేకులో పంపు. ఫోన్ మైకైనా పరవాలేదు గానీ గది చూసుకో. వయోలిన్ నీ దగ్గర వాయిస్తున్నట్టుండాలి, బాత్రూములో ప్రతిధ్వనిలా ఉండకూడదు. కమాను చెయ్యి మొత్తం కనిపించేలా కెమెరా పెట్టు. ఆ ప్రొఫెసరు ముందు చూసేది అదే. ఫ్యాను ఆపెయ్యి, ఉక్కపోసినా ఆ పది నిమిషాలు ఓర్చుకో.

వర్ణం వేరే లింకుగా ఉత్తరం చివర ఇవ్వు, చాప మీద కూర్చునే వాయించు. రెండు కాలాల్లో వద్దు, ఒక్క కాలం చాలు. దాని కింద రెండు వాక్యాలు రాయి: ఇది ఏ రాగం, ఎన్నేళ్ల నుంచి నేర్చుకుంటున్నావు. ఇంకేమీ వివరించకు. ఉత్తరంలో మొదట ఛాంబర్ సంగీతం అడుగు, రెండో వయోలిన్‌గా కూర్చోడానికి సిద్ధమని రాయి, కమాను సంగతి ఒక్క వాక్యంలో చెప్పు, ఆఖర్న జానపద విభాగం తరగతికి అనుమతి అడుగు. పంపేముందు చెన్నైలో మీ టీచరుకి చూపించు, ఆవిడకి తెలియకుండా మాత్రం పంపకు. బాఖ్ రికార్డింగ్ అయ్యాక నాకూ ఒకసారి వినిపించు, గాంధారాలు చూస్తాను.